మెట్ట మీద ఇంత లోతు బంక ఎర్రమట్టి: దీన్ని ఏ నేల అనాలి?

గోస్తని_గట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది విశాఖ జిల్లా పద్మనాభం మండలం. ఊరికి ఎగువన నాన్నగారి పేర రెండెకరాల గరువు (మెట్ట భూమి) ఉంది. నేను ఉద్యోగం వల్ల మధురవాడలో ఉంటున్నాను, వీలైన ఆదివారాలు వెళ్లి చూసుకుంటాను. జీడిచెట్లు ముదిరిపోయి కాపు బాగా తగ్గింది. వాటిని తీసేసి మామిడి పెడదామని, ఒక మూల చిన్న ఇల్లు వేసుకుందామని ఆలోచన.

నేల ఎలాంటిదో చూద్దామని జేసీబీతో ఒక గొయ్యి తీయించాం. దిగి చూస్తే ఇలా ఉంది. పైన జానెడు మందాన గరప మట్టి, ఇసుక పాలు ఎక్కువ, రంగు ఎరుపు కలిసిన గోధుమ. దాని కింద ఒక్కసారిగా చిక్కటి ఎరుపు, దాదాపు కాచు రంగు. చేతిలోకి తీసుకుని తడిపి పిసికితే బంక. అయిదడుగులు దాటినా అదే బంక. ఆ కింద పసుపు, తెలుపు, తుప్పు రంగు చారలతో మెత్తటి కుళ్లు రాయి, గునపంతో పొడిస్తే పొడి అవుతుంది. వేసవిలో పెద్ద నెర్రెలు విచ్చవు గానీ పైమట్టి మాత్రం గట్టిపడి నాగలి దిగదు.

నా సందేహాలు:

పక్క పొలం పెద్దాయన "ఇంత బంక ఉందంటే లోపల రేగడే, ఇల్లు కడితే గోడలు పగులుతాయి" అంటున్నారు. నిజమేనా?

ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే రిపోర్టులో "ఫైన్, కయోలినిటిక్, ఐసోహైపర్‌థెర్మిక్, టిపిక్ రోడస్టాల్ఫ్" అని ఒక్క లైను రాసిచ్చారు. అడిగితే వివరం చెప్పలేదు. మా దగ్గరున్న భూసార కార్డులో ఈ మాటలేవీ లేవు.

వాన పడితే ఆ గోతిలో నీళ్లు ఇంకడం లేదు. మామిడి వేళ్లు కుళ్లిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇంకొకటి. నేల కొంచెం వాలుగా ఉంది. పైమట్టి తీసి లెవెల్ చేసి ఇస్తాం, మట్టికి డబ్బు కూడా ఇస్తాం అని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. నాన్నగారు ఒప్పుకునేలా ఉన్నారు. తెలిసినవాళ్లు చెప్పగలరు.

నేలసర్వే_రిటైర్డ్

బాబూ, మీరు గోతిలోకి దిగి పొరలు విడివిడిగా చూసి రాసినందుకు చాలా సంతోషం. నా ఉద్యోగమంతా నేలల సర్వేలోనే గడిచింది. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా మెట్టలన్నీ తిరిగాను. నేల గురించి అడిగేవాళ్లు చాలామంది గుప్పెడు పైమట్టి ఫోటో పెట్టి పేరు చెప్పమంటారు. పైమట్టిని బట్టి నేల పేరు తేలదు. అసలు సంగతి కింద ఉంటుంది.

ముందు నాలుగో సందేహానికే సమాధానం చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యమైతే ఇక చేయగలిగింది ఉండదు. దయచేసి ఆ కాంట్రాక్టరుకు మట్టి ఇవ్వకండి. నాన్నగారికి కూడా నా మాటగా చెప్పండి. మీ గరువులో పంటకు పనికొచ్చే సేంద్రియ పదార్థం, వానపాములు, సన్న వేళ్లు, తేలిగ్గా అందే భాస్వరం అన్నీ ఆ జానెడు మట్టిలోనే ఉన్నాయి. దాన్ని తీసేస్తే కాచు రంగు బంక పైకి తేలుతుంది. దాని మీద వాన పడితే నీరు ఇంకే కంటే జారిపోయేదే ఎక్కువ. అలా లెవెల్ చేసిన తోటల్లో పైమట్టి తీసిన వైపు మొక్కలు ఏళ్ల తరబడి ఎదక్కుండా ఉండిపోవడం ఆనందపురం, సబ్బవరం వైపు కళ్లారా చూశాను. ఆ మట్టికి వచ్చే డబ్బు ఎంతైనా, ఆ పొరను తిరిగి తెచ్చుకోవడానికి మాత్రం సరిపోదు.

ఇక మీ పక్క పెద్దాయన మాట. అది రేగడి కాదు. బంక ఎంత ఉంది అన్నది ఒక సంగతి, అది ఏ రకం బంక అన్నది ఇంకో సంగతి. 0.002 మిల్లీమీటర్ల కంటే సన్నని రేణువులన్నిటినీ కలిపి బంక అంటాం. రేగడిలోనూ 50 శాతం బంక ఉండొచ్చు, మీ ఎర్రమట్టిలోనూ 50 శాతం ఉండొచ్చు. కానీ రేగడిలో ఉండేది ప్రధానంగా స్మెక్టైట్ అనే ఖనిజం. దాని పలకల మధ్యలోకి నీళ్లు చొరబడతాయి, అందుకే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. మీ మట్టిలో ఎక్కువగా ఉన్నది కయోలినైట్. దాని పలకలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీటికి మధ్యలో చోటివ్వవు. కాబట్టి పెద్దగా ఉబ్బదు, పెద్దగా కుంచించుకుపోదు. వేసవిలో పెద్ద నెర్రెలు విచ్చవని మీరే రాశారు, అదే పెద్ద ఆధారం.

ఈ కయోలినైట్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా మీ గోతిలోనే కనిపిస్తోంది. అడుగున ఉన్న చారల కుళ్లు రాయి ఖోండలైట్ లాగే ఉంది. సింహాచలం కొండ, కైలాసగిరి అంతా ఆ రాయే. అందులో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ ఉంటాయి. వేల ఏళ్ల వానలకు ఫెల్‌స్పార్ కరిగి తెల్లటి కయోలినైట్ అవుతుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి ఎర్రటి హెమటైట్, పసుపుపచ్చటి గోథైట్ అవుతుంది. క్వార్ట్జ్ అరగదు, ఇసుకగా మిగులుతుంది. మీ పైమట్టిలో గరగరలాడే ఇసుక అదే. అడుగున తెల్ల చారలు, తుప్పు చారలు ఒక వరసలో సాగుతుంటే అవి రాయి పొరలే, నీరు నిలిచిన గుర్తులని భయపడకండి. అదే బూడిద రంగు మచ్చలు వేళ్లు పోయిన దారుల వెంట, పగుళ్ల వెంట కనిపిస్తే మాత్రం అక్కడ ఏటా నీరు నిలుస్తోందని అర్థం.

ఇందులో మెట్ట అన్న సంగతి చాలా ముఖ్యం. మెట్ట మీద పడిన వాన కిందికి దిగిపోతూ సున్నం, మెగ్నీషియం, సిలికాలను కరిగించి పట్టుకుపోతుంది. అవి కడుక్కుపోయిన చోట కయోలినైట్ తయారవుతుంది. అవే పల్లంలో చేరి నిలిచిన చోట స్మెక్టైట్ తయారవుతుంది. అందుకే ఒకే రాతి మీద, ఒకే వాలులో పైన ఎర్రనేల, కింద నల్లనేల చూస్తాం. మీ పక్క పెద్దాయన పొలం పల్లంలో ఉంటే ఆయన తన నేల గురించి చెప్పింది నిజమే అయి ఉండొచ్చు, మీ గరువుకు మాత్రం అది వర్తించదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) పొలంలో కూడా ఎర్రనేల, నల్లనేల పక్కపక్కనే ఉంటాయి. ఒకే వాన పడినా రెండిటి సేద్యం వేరే.

రిపోర్టులో ఆ ఒక్క లైను గురించి. అది అమెరికా వ్యవసాయ శాఖ 1975లో అచ్చువేసిన సాయిల్ టాక్సానమీ పద్ధతి, మన దగ్గర నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే బ్యూరో కూడా అదే వాడుతుంది. చివరి నుంచి వెనక్కి చదవాలి.

రోడస్టాల్ఫ్ చివర ఉన్న "ఆల్ఫ్" అంటే ఆల్ఫిసాల్, మొత్తం 12 వర్గాల్లో ఒకటి. ఆ వర్గంలో చేరాలంటే సాధారణంగా రెండు ఉండాలి. ఒకటి, పైపొర నుంచి బంక నీటితో కిందికి దిగి ఒక పొరలో పేరుకుని ఉండాలి. పైన బంక 15 నుంచి 40 శాతం మధ్య ఉంటే కింద దానికి కనీసం 1.2 రెట్లు ఉండాలి. మీ గోతిలో గరప కింద ఒక్కసారిగా బంక తగిలింది కదా, అదే. కాచు రంగు గడ్డను విరిచి దాని ముఖం మీద నూనె రాసినట్టు మెరుస్తోందేమో చూడండి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఆ మెరుపు దిగివచ్చిన బంక పూత. రెండు, ఆ లోతులో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియం కలిపి మట్టి పట్టుకోగల మొత్తంలో కనీసం 35 శాతం ఉండాలి. అంతకంటే తక్కువైతే అది అల్టిసాల్ అనే వేరే వర్గం.

మధ్యలో "ఉస్ట్" తేమ గురించి. వానాకాలంలో తేమ ఉంటుంది, ఏడాదిలో కొన్ని నెలలు నేల ఎండిపోతుంది. మనకు జూన్ నుంచి నవంబరు దాకానే కదా వానలు. "రోడ్" ముదురు ఎరుపుకు గుర్తు. మట్టి రంగును పోల్చి చూసే మన్సెల్ పుస్తకంలో 2.5 వైఆర్ (పసుపు, ఎరుపు కలిసిన వర్ణానికి గుర్తు) లేదా అంతకంటే ఎరుపు, తడిమట్టి మీద చూస్తే వాల్యూ, అంటే రంగు ఎంత లేతగా ఉందో చెప్పే అంకె, 3 దాటకూడదు. టిపిక్ అంటే ఆ గుంపుకు అచ్చంగా సరిపోయే నేల.

"ఫైన్" అన్నది లోపలి పొరలో 35 నుంచి 60 శాతం దాకా బంక ఉందని చెబుతుంది. 60 దాటితే వెరీ ఫైన్. కయోలినిటిక్ సంగతి పైన చెప్పాను. ఐసోహైపర్‌థెర్మిక్ అంటే నేల సగటు ఉష్ణోగ్రత 22 డిగ్రీలు లేదా ఆపైన ఉండి, వేసవికీ చలికాలానికీ తేడా 6 డిగ్రీల లోపే ఉండటం. సముద్రం పక్కనున్న మనకు సహజమే.

లోతు ఆ లైనులో ఉండదు. మన సర్వే లెక్కలో 100 నుంచి 150 సెంటీమీటర్లయితే లోతైన నేల, 150 దాటితే బాగా లోతైన నేల. అయిదడుగులు దాటిందంటే మీది బాగా లోతైనదే. మామిడికి ఇంతకంటే అదృష్టం లేదు, వేసవిలో వేరు ఎంత కిందికి పోగలిగితే అంత తేమ దొరుకుతుంది.

మీ భూసార కార్డు తప్పేమీ కాదు, దాని పని వేరు. దానికి మట్టి తీసేది పై 15 సెంటీమీటర్ల నుంచి. పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం, పోషకాలు కలిపి 12 అంశాలు చూస్తారు. ఆ కాచు రంగు పొర దాకా అది వెళ్లదు. ఈ ఏడాది ఏ ఎరువు ఎంత వేయాలో కార్డును అడగండి, ఏ చెట్టు పెట్టాలో గోతిని అడగండి.

సివిల్_వైజాగ్

సార్ చెప్పిన తర్వాత ఇంటి మాట వరకు నేను చేరుస్తాను. వ్యవసాయ వర్గీకరణ పేరు చూసి పునాది డిజైన్ చేయకూడదు. మా ఇంజినీర్లకు ఐఎస్ 1498 అని వేరే పద్ధతి ఉంది. అందులో సన్నమట్టిని లిక్విడ్ లిమిట్ (ఎంత శాతం తేమకు మట్టి ద్రవంలా జారడం మొదలవుతుందో ఆ అంకె) బట్టి మూడు భాగాలు చేస్తారు: 35 లోపు తక్కువ, 35 నుంచి 50 మధ్యస్థం, 50 దాటితే ఎక్కువ.

మీకు ముందుగా కావలసింది ఫ్రీ స్వెల్ పరీక్ష, అంటే మట్టి నీళ్లకు ఎంత ఉబ్బుతుందో చూసేది. చాలా సులువు. 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన ఎండుమట్టి 10 గ్రాములు నీళ్లలో, ఇంకో 10 గ్రాములు కిరోసిన్‌లో పోసి, 100 మిల్లీలీటర్ల గాజు జాడీల్లో 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో ఏ మట్టీ ఉబ్బదు. నీళ్లలో ఎంత ఎక్కువ ఎత్తుకు వచ్చిందో చూస్తారు. రేగడి అయితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కయోలినైట్ మట్టి ఒక్కోసారి నీళ్లలోనే తక్కువ ఎత్తులో ఆగుతుంది. పునాది ఎంత లోతుకు వేస్తారో అక్కడి మట్టినే ఇవ్వండి, పైమట్టి ఇవ్వకండి. ఇంకో మాట, తవ్వి పోసిన మట్టి మీద పునాది వేయొద్దు. ఎర్రమట్టి ఇళ్లలో నేను చూసిన పగుళ్లలో చాలావరకు సరిగా దిమ్మిస కొట్టని ఫిల్లింగ్ వల్ల వచ్చినవే.

గోస్తని_గట్టు

సార్, మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. కాంట్రాక్టరుకు వద్దని చెప్పేశారు. పక్క పెద్దాయన పొలం మాకు దిగువనే, చెరువు వైపు ఉంది. ఆయనది నల్లగానే ఉంటుంది!

గడ్డ విరిచి చూశాను, మెరుపు ఉంది. భాస్వరం, నత్రజని రెండూ తక్కువ అని కార్డులో ఉంది, పీహెచ్ 6.6. మరి గోతిలో నీళ్లు ఇంకకపోవడం సంగతి? బంక వల్లే అయితే మామిడి గోతులు కూడా అలాగే అవుతాయి కదా.

నేలసర్వే_రిటైర్డ్

మంచి మాట చెప్పారు, నాన్నగారికి నమస్కారాలు.

నీళ్ల సంగతి. ఇలాంటి ఎర్ర బంక రేగడి లాగా నీటిని బిగపట్టదు. ఇనుము ఆ సన్న రేణువుల్ని చిన్న చిన్న పలుకులుగా అతికించి ఉంచుతుంది, వాటి సందుల్లోంచి నీరు మోస్తరుగా దిగుతుంది. మీ గొయ్యి తీసింది జేసీబీ. తడి మీద బకెట్ గోడలను రాసుకుంటూ పోతే ఆ సందులు పూడిపోయి గోడ నున్నగా, తాపీతో మెత్తినట్టు అయిపోతుంది. నీరు నిలవడానికి అదే కారణం కావచ్చు. పరీక్ష చేయడం సులువు. ఆ గోతికి దూరంగా పారతో, చేత్తో ఒక చిన్న గొయ్యి తీయండి. గోడల్ని, అడుగుని కత్తి మొనతో గీకి గరుకు చేయండి. ఒకసారి నీళ్లు నింపి ఇంకనిచ్చి, రెండోసారి నింపి గంటకు ఎంత తగ్గిందో స్కేలుతో చూడండి. మొదటిసారి లెక్కలోకి తీసుకోవద్దు, ఎండుమట్టి ఆబగా తాగేస్తుంది.

మామిడి గోతులకు కూడా ఇదే జాగ్రత్త. వేసవిలో, నేల పొడిగా ఉన్నప్పుడే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున తీయించండి. గరప మట్టిని ఒక పక్క, బంకను ఇంకో పక్క వేయమనండి, ఇది దగ్గరుండి చెప్పకపోతే కూలీలు కలిపేస్తారు. పూడ్చేటప్పుడు బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన గరప మట్టితో నింపండి. గోడల్ని గునపంతో అక్కడక్కడా పొడిచి గరుకు చేయండి. మొక్కను చుట్టూ ఉన్న నేల కంటే కొంచెం ఎత్తుగా, దిబ్బలాగా చేసి నాటండి.

ఎరువుల మాట. కయోలినైట్ పోషకాల్ని పట్టుకునే శక్తి కిలోకు 3 నుంచి 15 సెంటీమోల్స్ (ఆ శక్తిని కొలిచే ప్రమాణం), స్మెక్టైట్‌ది 80 నుంచి 120. అంటే మీ నేల దగ్గర చిన్న జేబే ఉంది. నత్రజని, పొటాష్ ఒకేసారి కుమ్మరిస్తే వానకు కిందికి పోతాయి, విడతలుగా వేయండి. భాస్వరం సంగతి వేరు. ఇనుము దాన్ని పట్టేసుకుని మొక్కకు ఇవ్వదు. దాన్ని పొలమంతా చల్లకుండా, పశువుల ఎరువుతో కలిపి వేళ్ల దగ్గర వేస్తే కొంతైనా దక్కుతుంది. మామిడి వరసల మధ్య మొదటి ఏళ్లలో జనుమో పిల్లిపెసరో పచ్చిరొట్టగా వేసి, అవి పూతకు రాకముందే కలియదున్నండి. పైమట్టి వేసవిలో రాయిలా బిగుసుకుపోవడానికి మందు సేంద్రియ పదార్థమే. జీడాకును తగలబెట్టకండి, చెట్ల పాదుల్లో కప్పండి.

పీడ్‌మాంట్_తెలుగు

నమస్తే. మాది అనకాపల్లి, ఇప్పుడు నార్త్ కరోలినాలో రాలీ దగ్గర ఉంటున్నాం. మా పెరడు తవ్వితే సరిగ్గా మీరు రాసినట్టే ఉంది: కాస్త గోధుమ రంగు పైమట్టి, కింద ఎర్ర బంక, అడుగున మెత్తటి కుళ్లు రాయి. ఇక్కడ దీన్ని సెసిల్ అంటారు, రాష్ట్ర నేల అని కూడా చెప్పుకుంటారు. ఒకప్పుడు పత్తి, పొగాకు సేద్యంలో పైమట్టి కొట్టుకుపోయి చాలాచోట్ల బంకే పైకి తేలింది. ఇక్కడివాళ్లు మొక్క పెట్టే ముందు సున్నం వేయమంటారు. గోస్తని_గట్టు గారూ, మీరూ వేయాలేమో?

నేలసర్వే_రిటైర్డ్

అమ్మా లేక బాబూ, ఎవరైనా సరే, ఈ పోలిక తెచ్చినందుకు సంతోషం. కానీ గోస్తని_గట్టు గారూ, సున్నం వేయకండి.

సెసిల్ కూడా మెట్ట మీది లోతైన ఎర్ర బంక నేలే, అది కూడా నైస్, గ్రానైట్ లాంటి రాళ్ల మీద పుట్టిందే, దానిలోనూ కయోలినైటే. దాని పూర్తి పేరు ఫైన్, కయోలినిటిక్, థెర్మిక్, టిపిక్ కాన్‌హాప్లుడల్ట్. చివర "ఆల్ఫ్" బదులు "అల్ట్" వచ్చింది చూడండి, అంటే పైన చెప్పిన అల్టిసాల్. అక్కడ వాన ఏడాది పొడవునా పడుతుంది, నేల ఎండే కాలం తక్కువ. అందుకే సున్నం, మెగ్నీషియం చాలావరకు కడుక్కుపోయి 35 శాతం కంటే దిగాయి, నేల పుల్లబడింది. అక్కడ సున్నం తప్పనిసరి. మనకు ఆరు నెలలు పొడి కాబట్టి అంతగా కడుక్కుపోలేదు. పీహెచ్ 6.6 ఉన్న నేలకు సున్నం వేస్తే లాభం లేకపోగా జింకు, ఇనుము మొక్కకు అందడం తగ్గుతుంది. ఇంటర్నెట్‌లో ఎర్ర బంక నేలకు ఏం వేయాలి అని వెతికితే వచ్చే సలహాల్లో చాలావరకు అల్టిసాల్ ఉన్న ప్రాంతాలవి. రంగు ఒకటే కదా అని పాటించకండి.

గోస్తని_గట్టు

అర్థమైంది సార్. చివరగా ఒక్కటి. ఒకే గొయ్యి చూసి రెండెకరాలూ ఇంతే అనుకోవచ్చా?

నేలసర్వే_రిటైర్డ్

అనుకోకూడదు. మీ నేల వాలు కదా. ఇప్పుడున్న గొయ్యి ఎక్కడుందో చూసుకుని, ఎగువ అంచున ఒకటి, పెద్దాయన గట్టు వైపు దిగువన ఒకటి, చేత్తో తీయించండి. ఎగువన కుళ్లు రాయి మూడడుగులకే తగలొచ్చు, అక్కడ మామిడి బదులు జీడినే మళ్లీ పెట్టడం మేలు. దిగువ గోతిలో రంగు గోధుమకు, నలుపుకు తిరిగితే గడ్డల ముఖాలు చూడండి. ఏటవాలుగా, గీతలు పడి, ఒకదాని మీద ఒకటి జారినట్టు నునుపుగా ఉంటే అక్కడ స్మెక్టైట్ మొదలైనట్టే. ఇంటి స్థలం ఆ మూల పెట్టకండి, సివిల్_వైజాగ్ గారి పరీక్షకు మట్టి కూడా విడిగా ఇవ్వండి.

ఫోటోలు పెట్టేటప్పుడు గోతి గోడను కత్తితో తాజాగా చెక్కి, పక్కన టేపు వేలాడదీయండి. ఎండ నేరుగా పడకుండా నీడలో తీయండి, లేకపోతే రంగు తెలియదు. ఒకటి పొడిగా, ఒకటి నీళ్లు చిలకరించి తీస్తే నేను మన్సెల్ పుస్తకం పక్కన పెట్టుకుని చూసి చెబుతాను.